‘సోకం పెట్టుడు’ ఏడి మాట? సోకులకూ దానికీ చుట్టరికం ఉందా?

బిడ్డా, నువ్వు అడిగింది మూడు ముక్కలు. మీ నాయనమ్మ పోయిననాడు నువ్వు శవం పక్కన సప్పుడు చెయ్యకుండ కండ్లు తుడుచుకుంట కూసుంటే మీ మేనత్త "ఇంత చదువు చదివింది, సోకం పెట్టరాదు పిల్లకు" అన్నది. ఆ సోకమూ "సోకులు పడుడు"లోని సోకూ ఒకటేనా అన్నది మొదటిది. అది సంస్కృతం శోకమే అయితే దుఃఖం అని గదా అర్థం, దుఃఖాన్ని ‘పెట్టుడు’ ఏంది అన్నది రెండోది. పేపర్ల "రైతులు వాపోయారు" అని చదివినప్పుడల్లా వాళ్లు నిజంగ ఏడ్చిన్రా అని నీకొచ్చే అనుమానం మూడోది.

నేను దేవరకొండ, కల్వకుర్తి దిక్కు బళ్లల్ల ముప్పై ఏండ్లు తెలుగు చెప్పిన. ఊర్ల సారు అంటే పెండ్లికి పిలుస్తేనే పోతడు గని చావుకు పిలవకున్నా పోవాలె. అందుకని నిఘంటువులల్ల చూసినదానికంటె చావు ఇండ్ల అరుగుల మీద కూసొని విన్నదే ఎక్కువ. జర పొడుగైతది, ఓపిక పట్టు.

ముందు సోకుల లెక్క తేలుద్దాం. మన దిక్కు నోట్ల శ, ష, స మూడూ స అయితయి. దానితోని ఎక్కడెక్కడి మాటలో వచ్చి ఒక్కతాన కూసున్నయి. "గాలి సోకింది", "దయ్యం సోకింది" అంటం చూడు, ఆ సోకు అచ్చ తెలుగు. తాకుడు అని అర్థం. కరోనా కాలంల "వైరస్ సోకింది" అని పొద్దస్తమానం విన్నది ఈ మాటనే. "ఏం సోకులు పడుతున్నవే" అన్నదాంట్ల ఉన్నది ఉర్దూ షౌఖ్. అరబ్బీల దానికి అసలు అర్థం తపన, దూరమున్న దాని మీద మనసు గుంజుడు. ఉర్దూలకు వచ్చెటాళ్లకు ఇష్టం, సరదా అయింది. మన ఇండ్లల్ల అద్దం ముందటికి వచ్చెటాళ్లకు పౌడరు, రిబ్బను, కొత్త చీర అయింది. షోకిల్లా అన్నదీ ఈ ఇంటి బిడ్డనే. ఇగ మీ మేనత్త అన్నది సంస్కృతం శోకం. మూడింటికీ మొకం ఒక్కతీరు ఉన్నది గని రక్తసంబంధం లేదు.

శోకం ‘శుచ్’ అనే ధాతువు నుంచి వచ్చింది. ఆ ధాతువుకు దుఃఖపడుడు అనే అర్థంతోపాటు మండుడు, మెరుసుడు అనే అర్థాలూ ఉన్నయి. శుచి అంటే శుభ్రం అని మనం అనుకునే మాట కూడ దాని నుంచే. మొదట అది మెరిసేది, కాలి మకిలి పోయినది. అగ్నికి శుచి అనే పేరుంది. వేదకాలం నాటి నెలల పేర్లల్ల ఎండకాలపు రెండు నెలలకు శుక్రం, శుచి అనే పేర్లు పెట్టిన్రు. అంటే శోకం పుట్టుకతోని మంట. "కడుపు కాలుతున్నది", "కడుపుల మంట", "పానం ఉడుకుతున్నది" అని మనోళ్లు అంటరు గదా, వాళ్లు ఎవలూ ధాతుపాఠం చదువలేదు. కాలిన కడుపు తెలుసు, అంతే.

అయితే సంస్కృతంల శోకం లోపలి సంగతి. సంస్కృతం పాత నిఘంటువు అమరకోశం చూస్తే "మన్యుశోకౌ తు శుక్ స్త్రియామ్" అని శోకాన్ని మనసులోని భావాల నడుమ పెట్టిండు అమరసింహుడు. ఏడుపును వేరేతాన "క్రందితం రుదితం క్రుష్టమ్" అని చెప్పిండు. కరుణరసానికి స్థాయీభావం, అంటే లోపల నిలిచి ఉండే భావం, శోకం అని అలంకారశాస్త్రం చెప్పేది కూడ అందుకే. శోకం లోపల కుదురుగ ఉంటది, కన్నీళ్లు బయటికి వస్తయి. నువ్వు అడిగిన ‘పెట్టుడు ఏంది’ అన్న ప్రశ్న సరిగ్గ ఇక్కడ్నే పుడుతది.

జవాబు ఆ క్రియలనే ఉన్నది. తెలుగుల ‘పెట్టు’ వేటితోని జత కడుతదో చూడు. కేక పెట్టు, బొబ్బ పెట్టు, మొర పెట్టు, గోల పెట్టు, శాపనార్థాలు పెట్టు, ఒట్టు పెట్టు. అన్నీ నోటి పనులు. ఇగ మనసుల ఉండేవాటితోని జత కట్టి చూడు. "బాధ పెట్టింది", "దుఃఖపెట్టింది" అంటే వేరేటోళ్లను ఏడిపించిందని అర్థం మారిపోతది. "ఆమె దుఃఖాలు పెట్టింది" అని ఎవలూ అనరు. "ఆమె సోకాలు పెట్టింది" అంటే మటుకు ఆమెనే ఏడ్చింది, గొంతెత్తి ఏడ్చింది, వరసపెట్టి ఏడ్చింది. బహువచనం కూడ చూడు: కేకలు, బొబ్బలు, సోకాలు. లెక్కపెట్టవచ్చు. మన ఊర్లోళ్లు శోకం అనే మాటను సంస్కృతం కాడ తీసుకున్నరు గని అది కూసున్న అరుగు మీద కూసోనియ్యలేదు. మనసు జాబితా నుంచి లేపి నోటి జాబితాల కూసోబెట్టిన్రు. వట్టిగ కన్నీళ్లు కారితే దానికి మన దిక్కు వేరే మాట ఉంది: "దుఃఖమొచ్చింది". నీకు ఆనాడు వచ్చింది దుఃఖం. మీ మేనత్త అడిగింది సోకం. ఆమె నిన్ను ప్రేమ లేని పిల్ల అని తిట్టలేదు, ఒక విద్య రాదని అన్నది. ఈ తేడా తెలిస్తే నీ మనసు సగం తేలికపడుతదని నేను ఇంత దూరం లాగిన.

ఆ విద్య ఎట్లుంటదో విననోళ్ల కోసం చెప్త. ఎవలన్న పోతే సుట్టుపక్కల ఊర్ల నుంచి ఆడోళ్లు వస్తరు. కొందరు వాడ మలుపు కాడనే రాగం ఎత్తుకుంటరు, కొందరు వాకిట్ల అడుగు పెట్టినంక. ఇంట్ల ఆమె లేచి ఎదురొస్తది, ఒకరి మెడ ఒకరు పట్టుకుంటరు. ఒకామె ఊపిరి తీసుకునేతాన ఇంకొకామె అందుకుంటది. దీన్నే "రాగం తీసుడు" అని కూడ అంటరు. ఎవలింటి దుఃఖాన్నో తెచ్చి ఇక్కడ రాయను గని, వరస అర్థమయ్యేతందుకు నేనే నాలుగు ముక్కలు కడుత:

ఏడు బోర్లు ఏస్తివి కొడుకా…
సుక్క నీళ్లు పడకపాయె కొడుకా…
బొంబాయి బస్సు ఎక్కుతివి కొడుకా…
నీ పిల్లలకు ఏమని జెప్పుదు కొడుకా…

ఇందుల రెండు సంగతులు చూడు. మామూలుగ మాట్లాడేటప్పుడు "ఏసినవు, ఎక్కినవు, పడలేదు" అనే మనిషే సోకంల "ఏస్తివి, ఎక్కుతివి, పడకపాయె" అంటది. "ఏమని చెప్పాలె" అనేదానికి "ఏమని జెప్పుదు" వస్తది. సోకానికి దాని వ్యాకరణం దానికి ఉంది. పాత రూపాలు బతికి ఉన్న చోటు అది. పల్లెటూరి ఏడుపు అంటే పద్ధతి లేని అరుపు అనుకునేటోళ్లు ఉంటరు, వాళ్లను ఒకపూట కూసోబెట్టి వినిపియ్యాలె.

రెండోది, ప్రతి చరణం చివర పిలుపు. ఆ ‘ఆ’ ఎంతసేపు సాగుతదో ఊపిరికే ఎరుక. ఒక మాత్ర పలికితే హ్రస్వం, రెండు పలికితే దీర్ఘం, మూడు పలికితే ప్లుతం అని మేము బడిల చెప్తం. కోడికూత ఉదాహరణ ఇస్తం, కు కూ కూ… అని; పిల్లలు నవ్వుతరు, పాఠం అయిపోతది. నిజానికి ప్లుతం ఎక్కడ వస్తదో చెప్పే పాత శ్లోకపాదం ఒకటి ఉంది: "దూరాహ్వానే చ గానే చ రోదనే చ ప్లుతో మతః". దూరం నుంచి పిలిచేటప్పుడు, పాడేటప్పుడు, ఏడ్చేటప్పుడు. మూడు వేర్వేరు సందర్భాలని అనుకొని చాన ఏండ్లు పిల్లలకు చెప్పిన. ఒకనాడు డిండి దిక్కు ఒక ఇంట్ల, చేతికొచ్చిన కొడుకు పోతే ఆ తల్లి "కొడుకా…" అంటుంటే విన్న. పిలుస్తున్నది, పాడుతున్నది, ఏడుస్తున్నది. మూడూ ఆ ఒక్క అచ్చులనే ఉన్నయి. దూరం ఎంతో ఇగ చెప్పేటట్టు లేదు.

ఈ మాట రాంగనే ఎవలో ఒకరు "శోకః శ్లోకత్వమాగతః", అంటే శోకమే శ్లోకమైంది, అని వాల్మీకిని తెస్తరు, నాకు తెలుసు. క్రౌంచపక్షి ఏడుపు విని ఆయన నోట్ల శ్లోకం పుట్టిన కథ అది. కథ గొప్పది, రామాయణంల ఉన్నదే. కాకపోతే దాన్ని పట్టుకొని శ్లోకం అనే పదమే శోకం నుంచి పుట్టిందని రాస్తరు కొందరు, అది వద్దు. భాషాశాస్త్రం లెక్కల శ్లోకం ‘శ్రు’ దగ్గరి మాట, అంటే వినబడేది. రెండు పదాల మొకాలు కలిసినయి, కవి ఆ పోలికను వాడుకున్నడు. సోకులకూ సోకానికీ ఉన్నట్టే అనుకో. వాల్మీకి విన్నది పక్షిని, మన దిక్కు ఆడోళ్లు ఎవల్నీ వినకుండనే ఆ పని చేస్తున్నరు అన్నది మాత్రం నేను ఒప్పుకుంట.

సోకంల ఏముంటది అంటే అన్నీ ఉంటయి. పోయిన మనిషి పుట్టుక, పెండ్లి, కష్టం, తిన్న తిండి, తినని తిండి. ఇంకొకటి ఉంటది, దాన్ని మగోళ్లు తలకాయ వంచుకొని వింటరు. "దవాఖానకు తీస్కపోదమంటె నీ అన్నలు పైసలు తీయకపాయిరి కొడుకా" అని ఒక మాట పడుతది. పంపకాలల్ల చేసిన అన్యాయం, అల్లుడు పెట్టిన గోస, పొలం గట్టు కాడి పంచాయితీ, మామూలు రోజు నోరు తెరిస్తే కొట్లాట అయ్యే మాటలన్నీ ఆనాడు రాగంల పోతయి. సోకంల అన్నమాటకు పట్టింపు లేదు అనేది ఊరి కట్టు. ఎదురు మాట్లాడితే మాట్లాడినోడి పరువే పోతది. తమిళుల ‘ఒప్పారి’ ఇసువంటిదే, పోయినోళ్లను బంగారంతోని, చెట్టుతోని, చంద్రునితోని పోల్చి ఏడుస్తరు. ఒప్పు అంటే పోలిక. మన సోకంల పోలికలు తక్కువ, లెక్కలు ఎక్కువ. ఇది నా చెవికి వినపడినంత మట్టుకు చెప్పుతున్న.

మహాభారతంల పద్ధెనిమిది పర్వాలుంటే అందుల ఒకటి స్త్రీపర్వం. యుద్ధం అయిపోయినంక గాంధారీ మిగిలిన ఆడోళ్లూ శవాల నడుమ తిరుగుకుంట ఏడుస్తరు, గాంధారి కృష్ణున్ని నిలబెట్టి నిలదీసి శపిస్తది. 13వ శతాబ్దంల తిక్కన దాన్ని తెలుగు చేసిండు. గెలిచినోడి మొకం మీద అన్ని మాటలు అనే హక్కు ఆ పర్వంల ఎట్ల వచ్చిందని పిల్లలు అడిగితే నేను పుస్తకం మూసి ఊర్ల సంగతి చెప్పేటోన్ని.

ఇగ వాపోవుడు. ఇది నాకు ఇష్టమైన మాట, పేపరోళ్లు పాడు చేసిన్రు. ‘వాయి’ అంటే పాత తెలుగుల నోరు. తమిళంల ఇప్పటికీ వాయ్ అంటే నోరే. వాయి పొట్టిగై ‘వా’ అయింది. వాతెర అంటే పెదవి, నోటికి తెర. వాకొను అంటే పలుకుడు. ఇంటి నోరు వాకిలి; తమిళుల వాయిల్ పక్కన పెట్టి చూడు. వాపోవు అంటే నోరు పోవుడు, నోరు వదిలి ఏడ్చుడు. వావిడుచు అని ఇంకొక మాట ఉండె, అదీ అంతే. బ్రౌను దొర నిఘంటువు తెరిస్తే ఈ వా- కుటుంబం అంతా ఒక్కతాన కనబడుతది. అంటే సంస్కృతం శోకాన్ని మనోళ్లు నోటి జాబితాలకు మార్చుకున్నరు అన్న గదా, వాపోవు పుట్టుకతోనే ఆ జాబితాలది.

ఇప్పుడు పేపర్ల "సర్వర్ డౌన్ అయిందని విద్యార్థులు వాపోయారు" అని రాస్తున్నరు. ఎవలు నోరు వదిలి ఏడ్చిన్రు? ఫిర్యాదు చేసిన్రు, విసుక్కున్నరు. కాలం అయితే మాటలు పల్చబడుతయి, తప్పు లేదు. నీ అనుమానానికి జవాబు ఇది: పాత అర్థంల ఏడ్చినట్టు, పేపరు అర్థంల ఏడ్వనట్టు. ‘గోడు’కు కూడ ఇదే గతి పట్టింది. గోడుగోడున ఏడ్చుడు అంటే గుండె పగిలేటట్టు ఏడ్చుడు. మక్తల్, నారాయణపేట దిక్కు కన్నడం వచ్చినోళ్లను అడుగు, వాళ్లు ‘గోళు’ అంటరు, ఏడుపే. ఇప్పుడు సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణి కాడ దరఖాస్తు పట్టుకొని నిలబడితే "గోడు వెళ్లబోసుకున్నారు" అని రాస్తరు. ఇది మరీ తప్పనలేను. ఆ వరుసల నిలబడ్డోళ్లను చూస్తే పాత అర్థమే గుర్తొస్తది.

సంస్కృతం మాటలు కూడ ఈ కంటితోని చూడు, చాన మట్టుకు కన్ను కనబడదు. విలాపంల ఉన్నది ‘లప్’, మాట్లాడుడు. ఆక్రందనల ఉన్నది అరుపు. ఆక్రోశంల ఉన్నది ‘క్రుశ్’, కేకేసుడు. ఒక కేక వినబడేటంత దూరాన్నే క్రోశం అన్నరు, మన తాతలు "రెండు కోసులు నడిచిన" అన్నది ఆ మాటనే. అంటే ఏడుపుతోని దారి కొలిచిన్రని కాదు గని, దగ్గరి దగ్గరికి వస్తది. అచ్చ తెలుగుల చప్పుళ్లే పదాలు: బావురుమను, బోరుమను, ఘొల్లుమను. ఇందుల ఒంటరి మనిషి బావురుమంటడు, ఇంటిల్లిపాది ఘొల్లుమంటరు, ఈ తేడా తప్పి రాసేటోళ్లు ఉన్నరు. లబోదిబో, లబలబ అన్నవి అరచేతితోని నోరు కొట్టుకుంటే వచ్చే సప్పుడు. "అయ్యో" అన్నది ‘అయ్య’ను పిలుసుడు, మన దిక్కు "అవ్వో", "నాయినో" అంటరు, పిలిచేది ఎవల్నో ఇంకా తేటగ తెలుస్తది.

కన్ను ఉన్న మాట ఒకటి చెప్త, కన్నీరుమున్నీరు. మున్నీరు ఊరికే ప్రాసకు వచ్చిందనుకుంటరు. కాదు, మున్నీరు అంటే సముద్రం. కన్నీళ్లు సముద్రమైనయి అని ఆ మాట. సముద్రం మొకం చూడని పాలమూరు ముసలమ్మలు కూడ అంటరు దాన్ని.

‘ఏడుపు’ గురించి నువ్వు అడగలేదు గని ఒక్క ముక్క. "నా మీద పడి ఏడుస్తుండు" అంటే ఓర్వలేకపోవుడు. లారీల వెనుక "నన్ను చూసి ఏడవకురా" అని రాసుకునేది ఈ ఏడుపు గురించే. ఎదుటోడి సుఖానికి ఏడ్చేదీ మన చావుకు ఏడ్చేదీ ఒకటే మాట కావుడు వల్లనేమో, చావు ఇండ్లల్ల "ఏడుస్తున్నరు" అనేకంటె "సోకం పెడుతున్నరు" అనుడే మర్యాద అనిపిస్తది పెద్దోళ్లకు. "అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీళ్లొచ్చినయట" అనే సామెత ఉండనే ఉన్నది. కన్నీళ్ల మీద మనోళ్లకు నమ్మకం తక్కువ.

సోకం మన ఇండ్లల్ల హిందువులదే అనుకోకు. పీర్ల పండుగకు హసన్ హుసేన్ల కోసం చదివే మర్సియా, ఎద మీద కొట్టుకునే మాతం, అవీ ఈ తీరే. మర్సియా అనే అరబ్బీ మాటకు అర్థమే చచ్చినోళ్లను తలుచుకొని ఏడ్చుడు. పీర్ల సాయబు ఏ కులపోడైనా, గుండం సుట్టు తిరిగేది ఊరంతా.

పాడె లేసినంక ఇంకొక పిలుపు ఉంటది, అది మగోళ్లది. దింపుడు కల్లం కాడ పాడె కిందికి దించి, కొడుకు వంగి చెవుల మూడుసార్లు పిలుస్తడు. లేస్తడేమో అని. "దింపుడు కల్లం ఆశ" అనే మాట అట్ల వచ్చింది. అక్కడ రాగం ఉండదు. పొద్దుగాల నుంచి ఆడోళ్లు పిలిచీ పిలిచీ గొంతు పోయినంక మగోనికి దొరికేది ఆ మూడు పిలుపులు, అవి కూడ మెల్లగ.

ఒక తప్పు నేను చేసింది చెప్పి ఆపుత. ఉద్యోగం కొత్తల, అప్పు చేసి కొన్న టేపురికార్డరు సంకల పెట్టుకొని ఊర్ల ఒక పెద్దవ్వ ఇంటికి పోయిన. సోకం పెట్టుట్ల ఆమెను మించినోళ్లు లేరని పేరు. "అవ్వా, జర ఒక్కసారి పెట్టు, రికార్డు చేసుకుంట" అన్న. ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "ఎవలు సచ్చిన్రని పెట్టాలె సారూ, నువ్వు సచ్చినవా?" అన్నది. పీనుగు లేని ఇంట్ల సోకం పెడితే ఆ ఇంటికి అరిష్టం, దీపాలు పెట్టేయాళ్లయితే ఇంకింత అరిష్టం అని నాకు అప్పటిదాక తెల్వది. తల వంచుకొని లేస్తుంటే పిలిచి చాయ పోసింది. "వరస అయితే చెప్త, రాసుకో, గొంతు మటుకు ఎత్తను" అని మాట్లాడినట్టే, వడ్లు చెరుగుకుంట, తన మొగని సోకం చెప్పింది. నాలుగు పేజీలు అయింది. చివరికొచ్చేతాన ప్రతిసారీ "నా రాజా" అన్నది.

ఆమె పోయిననాడు నేను అరుగు మీదనే ఉన్న. కోడలు వాకిట్ల నిలబడి ఎత్తుకున్నది. నా నోట్‌బుక్‌ల ఉన్న ఆ నాలుగు పేజీలే, మాట పొల్లు పోకుండ. "నా రాజా" ఉన్నతాన "అత్తా" వచ్చింది, అంతే.